పెద్దల సెట్టింగ్

"బండి ఎవరు నడుపుతారు మేడమ్?" అని అడిగాడు వీల్ అలైన్‌మెంటు షాపు ఓనరు. అడిగింది నన్ను కాదు, నా పక్కన నిలబడ్డ మా అమ్మాయిని. తాళంచెవి నా వేలికి వేలాడుతోంది. బండిని లోపలికి తెచ్చింది నేను. డ్రైవరు సీట్లోంచి దిగింది నేను. అదంతా అతను షట్టరు దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాడు.

"నేనే నడుపుతాను బాబూ. ఇప్పుడే కదా నీ కళ్ళముందు దిగాను," అన్నాను.

అతను నావైపు చూసి నవ్వి, మళ్ళీ మా అమ్మాయి వైపే తిరిగి, "అమ్మగారు ఇంకా నడుపుతున్నారా! గ్రేట్ అండీ!" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇంకా ఏమిటి, ఇంకా? ఇంకా భోంచేస్తున్నారా, ఇంకా ఊపిరి పీలుస్తున్నారా అని కూడా అడుగుతాడేమో! కానీ పని అతనితో ఉంది కాబట్టి నోరు నొక్కుకున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. సర్వీసంతా అంబులెన్సు నడిపాను. వెనక పడుకున్న మనిషికి మలుపు తెలియకూడదు, అలాగని ఆలస్యమూ కాకూడదు. అదే నా ఉద్యోగం. రిటైరయ్యాక నాకు మిగిలిన సరదా ఒక్కటే. ఆదివారం పొద్దున్నే మా వదినని పక్కన కూర్చోబెట్టుకుని కొండ రోడ్డు ఎక్కడం, పైన టీ తాగడం, దిగి రావడం. హుషారుగా నడుపుతాను, దాచుకోవడం ఎందుకు? అయితే హుషారు వేరు, వేగం వేరు. బోర్డు మీద ఎంత రాసుంటే అంతకు మించి ముల్లు దాటనివ్వను. కానీ మలుపులో బ్రేకు మీద బ్రేకు తొక్కుతూ, స్టీరింగుని అటూ ఇటూ కెలుకుతూ పోవడం నావల్ల కాదు. ముందే వేగం సర్దుకుని, ఒక్కసారి తిప్పి, అదే పట్టు మీద మలుపు అవతల తేలాలి. బండి నా మాట వింటోందని నా అరచేతులకి తెలియాలి. 

ఈ మధ్య ఆ మాట వినడం తగ్గింది. షాకబ్జార్బర్లు నూనె కారి నీరసించాయి, రబ్బరు బుష్‌లు అరిగి గుంటల్లో టకటకమంటున్నాయి. మా పాత మెకానిక్ అన్నీ విప్పి కొత్తవి వేశాడు, టైర్లు కూడా కొత్తవే వేయించాను. "అమ్మా, సస్పెన్షన్ మొత్తం కదిలింది. అలైన్‌మెంటు చేయించకుండా కొండ ఎక్కొద్దు," అని చెప్పి మరీ పంపించాడు. అతని దగ్గర ఆ మిషను లేదు. "మంచి షాపుంది, నేను తీసుకెళ్తాను," అంది మా అమ్మాయి. స్కూల్లో లెక్కలు చెప్పే పిల్లకి అలైన్‌మెంటు షాపులెలా తెలుసని ఆ రోజు నాకు తట్టలేదు.

"చూడు బాబూ," అన్నాను ఓనరుతో. "ముందు చక్రాలు రెండూ పైభాగంలో కొంచెం లోపలికి వాలి ఉండాలి. మలుపులో బండి ఒరిగినప్పుడు టైరు మొత్తం నేలని పట్టుకోవాలి. దానికోసమే వేరే బోల్టులు వేయించాను, చూస్తే నీకే తెలుస్తుంది. ముందు చక్రాల ముక్కులు, అంటే ముందంచులు, లోపలికీ చూడకూడదు, బయటికీ చూడకూడదు, తిన్నగా ఉండాలి. వెనకవి మాత్రం వెంట్రుకవాసి లోపలికి. ఇంకో మాట, నేను సీట్లో కూర్చుని ఉండగా కొలవాలి. ఖాళీ బండిని కొలిస్తే నేనెక్కగానే కొలత మారిపోతుంది."

"అవన్నీ ఎందుకమ్మా? కంపెనీ సెట్టింగ్ కంప్యూటర్లో ఉంటుంది. గీత పచ్చగా వచ్చిందంటే అయిపోయినట్టే."

"కంపెనీ సెట్టింగ్ ఊరందరికీ. నాకు నేను నడిపే తీరుకి సరిపడేది కావాలి."

"అమ్మగారు రేసుకి గానీ వెళ్తున్నారా ఏంటండీ?" అన్నాడు, మళ్ళీ మా అమ్మాయితోనే. ఆ పిల్ల నవ్వి నేల చూసింది.

లిఫ్టు మీద బండి ఉండగా కస్టమరు లోపల కూర్చోకూడదట, రూలట. నా బరువుకి సరిపడా ఇసక మూట పెట్టి కొలుస్తానన్నాడు. ఏడ్చినట్టుంది నీ రూలు అనుకున్నాను గానీ, ఇసక మూట మాట సబబుగానే తోచింది. అద్దాల గదిలో కూర్చోమన్నారు, కూర్చున్నాను. అతుకులేసిన సోఫా, గోడ మీద శబ్దం లేని టీవీ, మూలన ఖాళీ అయిన నీళ్ళ క్యాను. అద్దంలోంచి బండి కనిపిస్తోంది. చక్రాలకి కొలిచే పళ్ళేల్లాంటివి తగిలించాడు. మా అమ్మాయి అతని దగ్గరికి వెళ్ళి చాలాసేపు మాట్లాడింది. మధ్యలో అరచేతిని గాల్లో మెల్లగా కిందికి నొక్కుతూ ఏదో చెప్పింది. నా బరువు సంగతి చెబుతోంది కాబోలు, కాస్త తగ్గించి చెప్పవే తల్లీ అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను కూడా. చూశారా నా తెలివి!

"మీరు చెప్పినట్టే పెట్టానమ్మా. హాయిగా నడుపుకోండి," అని తాళం ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్న వదిన తయారై గేటు దగ్గరే నిలబడి ఉంది. మా అన్నయ్య భార్య. నాకంటే పెద్దది, కానీ మలుపుల్లో చిన్నపిల్లలా కేరింతలు కొడుతుంది. "కొత్త కాళ్ళొచ్చాయటగా నీ బండికి? ఏదీ, గంతులెయ్యించు చూద్దాం!" అంటూ ఎక్కింది.

కొండ కింద మలుపుల్లోనే స్టీరింగు బరువుగా తగిలింది. కొత్త సామాను కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. పైన ఒక చోట రోడ్డు పెద్ద బండరాయి చుట్టూ వంపు తిరుగుతుంది. అవతల ఏం వస్తోందో కనిపించదు. ఆ మలుపు నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఎప్పటిలాగే ముందే వేగం తగ్గించాను, ఎప్పటి చోటే తిప్పాను. బండి తిరగలేదు. ముక్కు తిన్నగా బయటికే పోతోంది. ఇంకా తిప్పాను. మధ్యగీత దాటేశాం. ఎదురుగా పాల వ్యాను, దాని హారను, డ్రైవరు తెరిచిన నోరు. బ్రేకు తొక్కి, బలం కొద్దీ లాగితే అప్పుడు వంగింది మొండిది. వ్యాను మా అద్దాన్ని రాసుకున్నంత పని చేసి వెళ్ళిపోయింది.

పక్కకి తీసి ఆపాను. వదిన ముందున్న డ్యాష్‌బోర్డుని రెండు చేతులా పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఏమైందే?" అంది.

"ఆలస్యంగా తిప్పినట్టున్నాను వదినా."

"నువ్వా? పోవే! నేను చూస్తూనే ఉన్నాను. నీ చేతులు ఎప్పుడు తిరుగుతాయో అప్పుడే తిరిగాయి. బండికే ఏదో అయ్యింది."

"నిన్న కాక మొన్న అన్నీ కొత్తవి వేసి, కొలిచి పెట్టించిన బండి. దానికేమవుతుంది? అయితే గియితే నాకే అయ్యుంటుంది."

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. పైకి వెళ్ళలేదు, టీ తాగలేదు. వెనక్కి తిప్పుకుని, ఎడమ అంచు పట్టుకుని దేకుతూ ఇల్లు చేరాం.

వదిన నోట్లో మాట దాగదు. సాయంత్రానికి మా అమ్మాయికి తెలిసిపోయింది. పరిగెత్తుకుంటూ నా గదిలోకి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏదో చెప్పబోయి ఆగింది, పెదవి కొరుక్కుంది. కాసేపటికి నా మంచం అంచు మీద కూర్చుని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "వయసు వచ్చిందమ్మా. ఒప్పుకుంటే తప్పేముంది? మాస్టారు ఒప్పుకోలేదా?" అంది.

మాస్టారంటే మా వీధి చివరింటి డ్రాయింగు మాస్టారు. రిటైరైనా చెయ్యి ఊరుకోదు ఆయనకి. వరండాలో ఒళ్ళో అట్ట పెట్టుకుని, దారిన పోయే మేకనీ, కూరల బండినీ, నన్నూ, ఎవరు కనిపిస్తే వాళ్ళని గీసేవారు. నాలాగే ఆయనకీ కారంటే ప్రాణం. కిందటేడు ఉన్నట్టుండి తాళాలు కొడుక్కి ఇచ్చేశారు. గేటు దగ్గర నాతో, "చేతులు మాట వినడం లేదమ్మా. నేను తిప్పుతున్నాను, బండి తిరగడం లేదు," అన్నారు. నేనేదో ఓదార్పు మాట చెప్పి వచ్చేశాను. ఇప్పుడు వరండాలో ఆయన ఒళ్ళో పేపరు ఉంటుంది, అదీ చదువుతున్నట్టు కనిపించరు.

ఆ రాత్రి నుంచి నా చేతుల మీద నేనే నిఘా పెట్టాను. గ్లాసు నిండా నీళ్ళు పోసి పట్టుకుని నిలబడేదాన్ని, చుక్క తొణికేది కాదు. సూదిలో దారం ఎక్కించేదాన్ని. స్పూను ఎగరేసి పట్టుకునేదాన్ని. అన్నీ బాగానే ఉండేవి. మళ్ళీ బండెక్కి సందు తిరగగానే స్టీరింగు మొరాయించేది, నా ప్రాణం ఉసూరుమనేది. ఇంట్లో పని చేసి, మలుపులో చెయ్యనివి ఏం చేతులు? ఎంతమందిని ఆస్పత్రికి చేర్చాను ఈ చేతులతో! బాత్రూమ్‌లో కుళాయి తిప్పేసి ఏడ్చాను. ఇంట్లో ఎవరికీ వినపడకూడదని కాదు, నాకే వినపడకూడదని.

చివరికి తేల్చుకున్నాను. మలుపులో ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చే హక్కు నాకు లేదు. "ఈ ఆదివారం బండి నీకు ఇచ్చేస్తాను," అని మా అమ్మాయికి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. "సరేనమ్మా," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది, నా కళ్ళలోకి చూడలేదు.

ఇచ్చేది శుభ్రంగా ఇవ్వాలి కదా అని ముందురోజు పొద్దున్న బకెట్టూ గుడ్డా పట్టుకుని కూర్చున్నాను. అద్దాలు తుడిచాను, సీట్ల కింద బిస్కెట్టు పొడి దులిపాను. ఆఖరికి చక్రాలు. స్టీరింగు ఒక పక్కకి తిప్పి పెట్టి, ముందు టైరు మీద సబ్బునీళ్ళ చేత్తో రుద్దుతున్నాను. బయటి అంచు నుంచి లోపలికి నునుపుగా జారింది చెయ్యి. వెనక్కి లాక్కోబోతే రంపం పళ్ళలా గీరింది.

ఆగిపోయాను. మళ్ళీ రుద్దాను. లోపలికి పోతే నునుపు, బయటికి వస్తే గరుకు. అవతలి టైరుకి కూడా అంతే, పైగా బయటి అంచు అప్పుడే అరిగిపోతోంది. కొత్త టైర్లు! చక్రాలు తిన్నగా దొర్లితే రబ్బరు అలా గీరుకోదు. ముక్కులు రెండూ బాగా లోపలికి చూస్తూ, ఒకదానికొకటి పోట్లాడుకుంటూ రోడ్డుని ఈడ్చుకుంటూ పోతేనే అలా అవుతుంది. అంబులెన్సు టైర్లని రోజూ చేత్తో తడిమి చూసుకున్న దాన్ని, ఇది నాకు ఒకరు చెప్పాలా? బాగా వంగి చూస్తే చక్రాలు లోపలికి వాలి కూడా లేవు, నిటారుగా నిలబడి ఉన్నాయి.

నేను చెప్పినట్టే పెట్టానన్నాడే! ఆ మాట నమ్మి, బండిని వదిలేసి నన్ను నేను అనుమానించుకున్నానే!

అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా కేక వెయ్యలేదు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి, "పద, ఒకసారి ఆ షాపులో చూపించి నీకు అప్పగిస్తాను," అన్నాను మా అమ్మాయితో.

"ఇప్పుడెందుకమ్మా? బానే ఉందిగా!" అంది. మరీ తొందరగా అంది. అప్పుడు చూశాను దాని మొహం. షాపువాడొక్కడే అనుకున్నాను అప్పటిదాకా.

"చెప్పులేసుకో," అన్నాను.

షాపులో బండి ఎక్కించమన్నాను. కొలత మాత్రం చాలు, ఇంకేం ముట్టుకోవద్దన్నాను. పళ్ళేలు తగిలించాడు, తెర వెలిగింది. పచ్చ పచ్చ అని జపం చేసే మనిషి, వెళ్ళి తెరకి అడ్డంగా నిలబడ్డాడు.

"పక్కకి జరుగు బాబూ."

"సిస్టమ్ కొంచెం ట్రబులిస్తోందమ్మా..."

"జరుగుతావా, జరపమంటావా?"

జరిగాడు. ముందు చక్రాల దగ్గర రెండు గీతలూ ఎర్రగా ఉన్నాయి. నేను చెప్పిన సెట్టింగు సరే, కంపెనీ సెట్టింగు కూడా కాదది. దానికంటే చాలా లోపలికి తిప్పేశాడు.

"ఏమిటిది?"

అతను నీళ్ళు నమిలాడు. ఒకసారి మా అమ్మాయి వైపు చూశాడు. అటునుంచి సాయం రాకపోయేసరికి, "పెద్దల సెట్టింగ్ అమ్మా," అన్నాడు.

"ఏం సెట్టింగూ?"

"పెద్దవాళ్ళ బళ్ళకి పెడుతుంటామండీ. ముందు చక్రాలు బాగా లోపలికి తిప్పేస్తే బండి తిన్నగా పోతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, మలుపుల్లో మొరాయిస్తుంది. దాంతో పెద్దవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే స్పీడు తగ్గించుకుంటారు. కొన్నాళ్ళకి ఇంక మనవల్ల కాదని మానేస్తారు. ఇంట్లో గొడవలుండవు. పిల్లలే వచ్చి అడుగుతారండీ. పాపం, అమ్మానాన్నల మీద ప్రేమున్న పిల్లలే అడుగుతారు."

ఎంత నిదానంగా చెప్పాడో! మంచిపని చేసినవాడి మొహం పెట్టుకుని మరీ చెప్పాడు.

"గీత పచ్చగా రావాలన్నావు కదయ్యా నాతో?"

"పెద్దవాళ్ళు ఎక్కువ తిరగరు కదండీ, పర్లేదని..."

"పర్లేదా? బండరాయి మలుపులో బండి తిరగక పాల వ్యాను కిందికి పోబోయాం, నేనూ మా వదినా! ఆ వ్యాను డ్రైవరుకి పెళ్ళాం పిల్లలు ఉండరా? నన్ను బతికించడానికి నన్ను చంపే సెట్టింగు పెట్టావా నువ్వు? ఎంతమందికి పెట్టావిలాగ?"

"అంతమంది లేరమ్మా... అదే, మీ వీధి చివర మాస్టారు లేరూ? వాళ్ళబ్బాయే కదండీ మీ అమ్మాయిగారిని ఇక్కడికి పంపించింది."

నేను తిప్పుతున్నాను, బండి తిరగడం లేదు అన్న ఆ పెద్దాయన గొంతు చెవిలో వినిపించింది. నేనేమో ఓదార్చి వచ్చాను. వయసన్నాక తప్పదు మాస్టారూ అన్నాను!

మా అమ్మాయి వైపు తిరిగాను. నూనె మరకల నేల మీద, పాత టైర్ల గుట్ట పక్కన నిలబడి ఏడుస్తోంది.

"నాన్న పోయాక నాకు నువ్వొక్కదానివేగా అమ్మా. ఆదివారం నువ్వు తిరిగొచ్చేదాకా గేటు వైపే చూస్తూ కూర్చుంటాను. వద్దని ఎన్నిసార్లు చెప్పాను? వింటావా నువ్వు?"

"వినను! వినకపోతే పోట్లాడు. గేటుకి అడ్డం పడుకో. తాళాలు దాచెయ్, నేను వెతుక్కుంటాను, తిట్టుకుంటాం, వారం రోజులు మాటలు మానేసుకుంటాం. తల్లీకూతుళ్ళం, ఆ మాత్రం గొడవకి తట్టుకోలేమా? భయమేస్తే నా మొహం మీద చెప్పాలి. నీ భయాన్ని తీసుకొచ్చి నా చక్రాలకి బిగిస్తావా?"

"ఇలా అవుతుందనుకోలేదమ్మా. కొంచెం నెమ్మదిస్తావనుకున్నాను, అంతే."

"అనుకోలేదు, సరే. వ్యాను సంగతి తెలిసిన సాయంత్రం నీకు అర్థమైంది కదా? నా మంచం మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, వయసొచ్చిందమ్మా అన్నావే! ఆ ఒక్క క్షణంలో నిజం చెప్పుంటే తిట్టి ఊరుకునేదాన్ని. ఇన్నాళ్ళూ ఈ చేతుల్ని చూసి నేను కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నావు."

స్పానరు చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. పక్క లిఫ్టు కింద పని చేసేవాళ్ళు కూడా చేతులు కట్టుకుని చూస్తున్నారు. చూడనివ్వండి, నాకేం సిగ్గు?

నేను కారు తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. "ఇప్పుడు పెట్టు. లిఫ్టు దించి, లాకు వేసి, నేను లోపలుండగా పెట్టు. నీ రూలుతో మాట్లాడుకునే పని నీది."

అతను వంగి, కిటికీ దగ్గరికి వచ్చి, "ఎంత కావాలమ్మా?" అన్నాడు. మొదటిసారి నన్ను అడిగాడు. 

చెప్పాను. ముందు చక్రాలు వాలాల్సినంత వాల్చాడు, ముక్కులు తిన్నగా చేశాడు, వెనక వెంట్రుకవాసి. బోల్టు బోల్టుకీ నేను తల బయటపెట్టి తెర చూసుకున్నాను. అయిపోయాక చెప్పాను: "ఇక మీదట బండి నడిపేవాళ్ళు సీట్లో కూర్చుని ఉంటే తప్ప నువ్వు స్పానరు ముట్టుకోవు. ముట్టుకున్నావని తెలిసిందో, ఊళ్ళో నెరిసిన తలతో స్టీరింగు పట్టిన ప్రతి మనిషినీ తీసుకొచ్చి నీ అద్దాల గదిలో కూర్చోబెడతాను. టైరు మీద చెయ్యి ఎలా పెట్టి చూడాలో వాళ్ళందరికీ నేనే నేర్పిస్తాను." అలాగేనమ్మా, అలాగేనమ్మా అన్నాడు. నమ్మలేదు. మధ్యమధ్య వెళ్ళి చూస్తూనే ఉంటాను.

"ఎక్కు," అన్నాను మా అమ్మాయితో. ఇంటి దారి వదిలేసి కొండ దారి పట్టాను.

ఇన్నేళ్ళలో అది ఒక్కసారి కూడా నాతో కొండ ఎక్కలేదు. బెల్టు పట్టుకుని, పాదాలు నేలకి తన్నిపెట్టి, కళ్ళు మూసుకుని కూర్చుంది. మొదటి మలుపులోనే నా అరచేతులకి తెలిసిపోయింది. బండరాయి దగ్గర ముందే వేగం తగ్గించాను, ఎప్పటి చోటే తిప్పాను. బండి నా చేతుల వెంటే వచ్చింది, గీతకి ఇవతలే, పట్టు సడలకుండా అవతలికి తేలింది. 

మా అమ్మాయి కళ్ళు తెరిచింది. "అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఇంతేనా అమ్మా?"

"ఇంతే. దీనికే నువ్వు ఇంత చేసింది," అన్నాను. తరవాతి మలుపుకి గేరు మార్చాను. కోపంతోనే.

పైన ఆగలేదు. తిప్పుకుని దిగి, మా ఇల్లు దాటించి, వీధి చివర మాస్టారి గేటు ముందు ఆపాను. వరండాలో ఆయన ఉన్నారు, ఒళ్ళో పేపరు ఉంది. కొడుకు కారు తీసుకుని ఎక్కడికో వెళ్ళినట్టున్నాడు, షెడ్డు ఖాళీగా ఉంది.

"అమ్మా, నువ్వే చెప్పవా? ప్లీజ్," అంది మా అమ్మాయి.

"నేనెందుకు చెప్తాను? నీకు తెలిసినంత నాకు తెలియదు. పద."

మెట్లెక్కింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, "ఏమ్మా, స్కూలు లేదా?" అన్నారు ప్రేమగా. అది నిలబడే చెప్పింది. మొదట తడబడింది, తరవాత దాచకుండా చెప్పింది. షాపు సంగతి, చక్రాలు లోపలికి తిప్పడం, దానికో పేరుండటం, వాళ్ళబ్బాయి తనకి ఆ షాపు చూపించడం, తన తల్లికి తను చేసింది.

"మా వాడికి తెలిసే చేశాడా?" అన్నారు ఆఖరికి.

"తెలిసేనండీ."

ఆయన పేపరు మడతపెట్టి పక్కన పెట్టారు. రెండు చేతులూ ముందుకి చాపి, వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నారు.

"అయితే వీటికేం కాలేదంటావా?" అని నన్ను అడిగారు.

"ఏం కాలేదు మాస్టారూ. అప్పుడూ కాలేదు, ఇప్పుడూ కాలేదు. బండిని పాడుచేశారు, అంతే."

ఆయన తల ఊపారు. తరవాత అన్నారు, ఎవరి మీదా కోపం లేనట్టు, వట్టి మామూలుగా:

"బండి ఇచ్చేసిన రోజే రంగులూ కుంచెలూ కూడా ఇచ్చేశానమ్మా, బడి పిల్లలకి. స్టీరింగే నిలవని చేతిలో గీతేం నిలుస్తుంది అనుకున్నాను. అప్పట్నుంచి ఒక్క బొమ్మ కూడా వెయ్యలేదు."

మా అమ్మాయి ఆ మెట్ల మీదే కూలబడి, మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఓదార్చలేదు.